దానియేలు కోయని మూల

నిన్న పొద్దున తాడేపల్లిగూడెం బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది, దానియేలు పోయాడని.

ఏ దానియేలు అని అడిగాను.

నాకు తెలిసిన దానియేలు ఒక్కడే.

సాయంత్రానికే ఉంగుటూరులో సమాధి చేశారు. అప్పటినుంచి ఇక్కడ అందరూ ‘మహాదాత’ అని పోస్టులు పెడుతున్నారు. దయచేసి ఆపండి. బతికుండగా వాణ్ణి పిచ్చోడన్నది మీరే.

యూదుల ధర్మం గురించి వాడికి చెప్పింది నేను. పేదవాడికి ఇవ్వడాన్ని వాళ్ళు దయ అనుకోరు, న్యాయం అంటారు. చేలో ఒక మూల కోయకుండా వదలాలి. అది పేదవాళ్ళది. ఎవరు కోసుకోవాలో చెప్పే హక్కు కూడా రైతుకు లేదు.

నేను చదివి ఊరుకున్నాను. వాడు తన చేలో నిజంగానే ఒక మూల వదిలేశాడు.

మొదటి దాళ్వా పంటకు ఆ మూల ఎవరూ ముట్టలేదు. వాస్తు దోషమన్నారు కొందరు, చేతబడి అన్నారు కొందరు. ఎవరో నిమ్మకాయ, పసుపు, కుంకుమ కూడా పెట్టి వెళ్ళారు. అదీ, చర్చి పెద్దగా ఉన్న దానియేలు చేలో. గింజంతా రాలిపోయింది.

చివరికి కూలికి వచ్చే మంగమ్మ వాణ్ణి అడిగింది.

“ఆ మూల ఎవరిదండీ?”

“నాది కాదమ్మా.”

“మరెవరిదండీ?”

“కోసుకున్నవాళ్ళది.”

ఆ తర్వాత ప్రతి కోతకూ వాడు ఆ గట్టు మీద నడవడం మానేసి, కాలువ వైపు నుంచి చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళేవాడు. ఎవరు కోస్తున్నారో తను చూస్తే, రేపు బజార్లో ఎదురైనప్పుడు వాళ్ళు తల దించుకోవాల్సి వస్తుందని.

అదే చర్చికి ఒక పెద్దమనిషి ఫ్యాను ఇచ్చాడు. తిరుగుతుంటే రెక్క మీద తన పేరు కనబడదని, ఆపి మరీ చూపించేవాడు. మే నెలలో.

నిన్న సమాధి దగ్గర ప్రసంగం ఆయనదే.

ఇప్పుడు చేను పండి ఉంది. సోమవారం కోత మెషీన్ వస్తుంది. మూల వదలమని దానియేలు తమ్ముణ్ణి అడిగాను.

“మీరు పెద్దవారు, కాదనకూడదు. కానండీ, మెషీన్‌కి అందని మూలలు మనుషుల్ని పెట్టి కోయిస్తామండీ. అన్నయ్య సరదా అన్నయ్యతోనే పోయిందనుకోండి.”

ఎంత మర్యాదో.

చేను నాది కాదు. యూదుల చట్టం ఉంగుటూరులో చెల్లదు. ఇన్ని పుస్తకాలు చదివి, ఒక్క మూలను కాపాడలేను.

నిన్న తిరిగి వస్తుంటే సమాధుల తోట గేటు దగ్గర మంగమ్మ నిలబడి ఉంది. నెమ్మదిగా అడిగింది.

“ఈసారి ఆ మూల ఎవరిదండీ?”

చెప్పు సరిచేసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

దానియేలూ, ప్రశాంతంగా నిద్రపో. సోమవారం మాత్రం ఆ గట్టు వైపు చూడకు.

చూడకుండా ఉండటం నీకు అలవాటే.