గళ్ల కాగితం మీద బాణాలు

పెళ్లిళ్లలో పాత బంధువులు ఎదురైతే ఒకటే అడుగుతారు: "ఇప్పుడేం చేస్తాండావప్పా?" పెట్టెలు గీస్తున్నానని చెబుతాను. వాళ్లు కాసేపు ఆలోచించి, వడ్రంగం అనుకుని, జాలిగా తల ఊపుతారు. నేను సరిదిద్దను. పెట్టెలు గీసి, వాటి మధ్య బాణాలు వేసి, ఆన్‌లైన్ పాఠాల్లో జనం వేలితో తాకితే అవి తెరుచుకునేలా చేయడం నా ఉద్యోగమని వివరిస్తే ఆ జాలి ఇంకా పెరుగుతుందని అనుభవం మీద తెలిసింది.

మాది నందికొట్కూరు దగ్గర ఒక ఊరు. ఒకప్పుడు ఆ ఊరే మాదని మా వాళ్లు చెప్పేవారు. ఇప్పుడు మా ఇల్లు ఎరువుల గోడౌను. నడవలో మా తాత కూర్చున్న చోట యూరియా బస్తాలు కూర్చుని ఉంటాయి. ఠీవిలో అవేమీ తీసిపోవు. నా వాటాకు వచ్చినవి రెండు: ఒక టేకు కుర్చీ, వంగని నడుము. కడపలో మేము అద్దెకుండే పై వాటాకు మెట్లు ఇరుకు. కుర్చీ ఎక్కలేదు, కింద ఇంటివాళ్లకే వదిలేశాను. నడుము మాత్రం పైకి వచ్చింది.

ఈ విద్య నాకు కోర్టు నేర్పింది. మా పెద్దల భాగ పంపకాల దావాలో వంశవృక్షం దాఖలు చేయాల్సి వచ్చింది. నా చేతిరాత బాగుంటుందని ఆ పని నాకు అప్పగించారు. పైన మూలపురుషుడు, ఆయన కింద కొడుకులు, వాళ్ల కింద మనవళ్లు. సొంత బిడ్డకు నిండు గీత, దత్తుకు చుక్కల గీత. దాన్ని ఎన్నిసార్లు తిరగరాశానో లెక్కలేదు, ఎందుకంటే వాయిదా వాయిదాకూ ఒక కొత్త వారసుడు పుట్టుకొచ్చేవాడు. పొలాలన్నీ ఆ గీతల వెంట కిందికి జారి లాయర్ల వాకిళ్లలో ఆగాయి. చూడగానే అర్థమయ్యేలా గీశారని జడ్జిగారు ఒకరోజు అన్నారు. ఆ దావాలో మా వంశం గెలుచుకున్నది ఆ ఒక్క మాటే.

ఆ మాట పట్టుకుని, యాభై దాటాక, కడపలో ఈ ఆఫీసులో చేరాను. టైర్ల దుకాణం మీద రెండు గదులు, ఐదు కంప్యూటర్లు. నడిపేది ప్రొద్దుటూరు అమ్మాయి, వయసులో నాకు సగం. నన్ను సార్ అంటుంది, అంటూనే నా బొమ్మల్లో సగం కొట్టిపారేస్తుంది. చేరిన కొత్తలో నా బాణాలన్నీ ఎటు తిరిగినా చివరికి పైనున్న ఒక పెద్ద పెట్టెలోకి పోయేవి. అందులో ‘పెద్దవారి అనుమతి తీసుకోండి’ అని ఉండేది. మంటలు ఆర్పే పాఠంలో కూడా అంతే.

"అంతసేపు నిప్పు ఆగతాదా సార్?" అని అడిగింది.

మా ఇంట్లో ఆగేది అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

నా గొంతు మాత్రం ఆఫీసులో అందరికీ నచ్చింది. పాఠంలో ఎవరైనా తప్పు పెట్టెను తాకితే ‘మళ్లీ ప్రయత్నించండి’ అని వినిపించేది నా గొంతే. మంచి అధికారం ఉందన్నారు. మూడు తరాలు నౌకర్లను కేకలేసి పెంచుకున్న గొంతు, ఉండదా మరి.

పోయినేడు హైదరాబాదులోని ఒక సంస్థ నేతపనివాళ్లకు కోర్సు తయారుచేయమంది. మొదటిసారిగా బొమ్మలన్నీ నాకే వదిలారు. బాగా కుదిరితే తర్వాత బండల గనుల్లో పనిచేసేవాళ్ల భద్రత కోర్సు కూడా నాదే. కుదరకపోతే బొమ్మలు హైదరాబాదులోనే గీయించుకుంటారు, నేను గొంతు మాత్రం అరువిచ్చి కూర్చోవాలి. ఆ మాట అమ్మాయి ముందే చెప్పింది.

మొదటి పాఠం జకార్డు గురించి. అది మగ్గం నెత్తిన ఉండే యంత్రం. చిల్లులు పొడిచిన అట్టలు దండలా దాని మీద తిరుగుతుంటే, ఆ చిల్లుల ప్రకారం దారాలు లేచి చీర అంచున పువ్వు పడుతుంది. ఇదంతా వీడియోలు చూసి తెలుసుకున్నాను. ఒకసారి పోయి మగ్గం చూసి రమ్మని అమ్మాయి రెండుసార్లు చెప్పింది. వీడియో చాలన్నాను. మా వాళ్లెవరూ మగ్గం దగ్గరికి పోయి ఎరగరు. నేసినవాళ్లే బట్ట భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చేవారు.

పువ్వు తప్పు పడితే ఏం చేయాలో ఫ్లోచార్టు వేశాను. అన్నిటికీ పైన ‘మగ్గం ఆపండి’. దాని కింద ప్రశ్న, అట్ట చిరిగిందా? అవునంటే అట్ట మార్చాలి, కాదంటే దారం తెగిందేమో చూడాలి. అలా దిగుతూ దిగుతూ చివర ‘మగ్గం నడపండి’. సరైన వరసలో పెట్టెలు తాకితే ఒక్కొక్కటీ పచ్చగా వెలిగేది. నేతవాళ్లకు చదువు తక్కువని నాకు నేనే తేల్చుకుని, పెట్టెల్లో మాటలు కుదించి బొమ్మలు పెంచాను. వాళ్లకు సొంత ఇంట్లో ఉన్నట్టు ఉండాలని వెనక గళ్ల కాగితం కూడా పరిచాను. చీర డిజైన్లు గళ్ల కాగితం మీదే వేసుకుంటారని వీడియోలో చూశాను గదా. నా దయకు నేనే మురిసిపోయాను.

పరీక్ష తర్వాత నింపాల్సిన నివేదిక ఫారం కూడా నేను గీసిందే. తప్పులు ఎక్కువ వస్తే కారణానికి రెండు పెట్టెలు. ఒకటి ‘నేర్చుకునేవారి లోపం’, దాని బాణం మొదటి తరగతికి పోతుంది. రెండోది ‘పరికరం లోపం’, దాని బాణం రిపేరుకు పోతుంది. మూడో కారణం ఒకటి ఉండవచ్చని నాకు తట్టలేదు.

జమ్మలమడుగు వైపు ఒక నేత ఊళ్లో శిక్షణ కేంద్రంలో పరీక్ష పెట్టారు. పన్నెండు మంది చాప మీద కూర్చున్నారు, తలా ఒక టాబ్లెట్. నాకు కుర్చీ వేశారు. ముందు వరసలో యాభై దాటిన ఒకామె. ఆమె గురించి కేంద్రం మేనేజరు నాకు ముందే చెప్పాడు. పెళ్లికి ముందు నుంచీ నేస్తున్న మనిషి. మోకాళ్లు చెడి ఇప్పుడు మగ్గం గుంటలో గంటకు మించి కూర్చోలేదు. కేంద్రంలో జకార్డు నేర్పే మనిషి కావాలి. ఈ కోర్సు పాసైతే ఆ పని ఆమెది, లేకపోతే డిప్లొమా ఉన్నవాళ్లను బయటి నుంచి తెస్తారు. చిన్న పనే గానీ ఆమె దాని మీదే ఆశ పెట్టుకుందన్నాడు.

మొదలుపెట్టమన్నాను. పన్నెండు చేతులూ లేచి, ఒక్కుమ్మడిగా అన్నిటికన్నా కింది పెట్టెను తాకాయి. పన్నెండు టాబ్లెట్లు నా గొంతుతో ‘మళ్లీ ప్రయత్నించండి’ అన్నాయి. మళ్లీ కింది పెట్టెనే తాకారు. మళ్లీ అదే గొంతు. ముప్పావు గంటసేపు నన్ను నేను కసురుకుంటుంటే కుర్చీలో కూర్చుని విన్నాను. ఒక్కరూ పాసు కాలేదు. ఇంత మంది ఇంత ఐకమత్యంగా తప్పు చేయడం నేను మా దావాలో కూడా చూడలేదు.

అందరూ లేచిపోయినా ఆమె లేవలేదు. టాబ్లెట్ చేతిలో పట్టుకుని, "సార్, రోంత సేపు మగ్గం కాడికి రాండి" అంది.

పక్క గదిలో గుంట మగ్గం. ఆమె గుంటలోకి కాళ్లు దించి కూర్చుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"నిలబడుకుంటే ఏం కనపడదు సార్. కూసోండి."

ఆ గదిలో కుర్చీ లేదు. మా ఇంట్లో మగవాళ్లు భోజనానికీ పూజకూ తప్ప నేల మీద కూర్చునేవారు కారు. అదీ పీట ఉంటేనే. ఆమె తొందరపెట్టలేదు, చూస్తూ ఉంది. కూర్చున్నాను. నడుము చేసిన చప్పుడు ఆమెకూ వినిపించే ఉంటుంది.

మగ్గం పక్కన మేకుకు వేలాడుతున్న డిజైన్ కాగితం తీసి నా ముందు పరిచింది. కింది వరస గళ్ల మీద వేలు పెట్టి, ఒక్కో వరసా పైకి ఎక్కుతూ చూపించింది. కింది గడి మొదటి పోగు, పై గడి దాని తర్వాతి పోగు. మా ఊళ్లో బడికి పోనోళ్లు కూడా గళ్లు ఇట్లనే చదువుతారు అంది.

"బట్ట కిందినుంచి గదా సార్ పెరిగేది. పైనుంచి నేస్తే యాడ నిలబడతాది?"

తర్వాత నా పాఠం తీసి, కిందినుంచి పైకి చదివి వినిపించింది. మొదట మగ్గం నడపాలి. నడుస్తుండగా అట్ట మార్చాలి. మార్చినాక అది చిరిగిందో లేదో చూడాలి. అంతా అయినాక మగ్గం ఆపాలి.

"బాణాలు కిందికి చూపిస్తున్నాయి గదమ్మా," అన్నాను.

"అవి పువ్వు ఆకులేమో అనుకుంటిమి. ఆపీసోళ్లు గదా, ఏదో కొత్త పద్ధతి తెచ్చినారనుకుంటిమి. మీకు మగ్గం రాదని మాకు తెలుసు సార్. ఎదురుగా అంటే బాగుండదని ఊరకుండినాము."

నాకు చదువు తక్కువని వాళ్లు ముందే తేల్చుకున్నారన్నమాట. పైగా, నేను వాళ్లకు చూపని మర్యాద వాళ్లు నాకు చూపారు. లేవబోయాను. ఆమె గుంటలోంచే చెయ్యి చాపింది. అక్కర్లేదన్నాను. మగ్గం కొయ్య పట్టుకుని, రెండో ప్రయత్నంలో లేచాను. ఆమె అడిగింది ఒక్కటే:

"పెయిలని రాస్తారా సార్?"

చూస్తానన్నాను. మా తాత రైతులతో అనేవాడు ఆ మాట. దాని అర్థం ఊరందరికీ తెలుసు.

తిరుగు బస్సులో ఫోను తీసి నివేదిక తెరిచాను. ‘నేర్చుకునేవారి లోపం’ మీద ఒక్కసారి వేలు పెడితే పనైపోతుంది. పన్నెండుకు పన్నెండు మంది తప్పారు, ఎవరూ అనుమానించరు. గనుల కోర్సు నాకే వస్తుంది, ఆమె మొదటి తరగతిలో చేరి ‘అ అంటే అట్ట’ నేర్చుకుంటుంది. ఆ పెట్టెను ఎంత సులువుగా తాకేలా చేశానో గమనించి, నా పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. ప్రొద్దుటూరు దాటింది, ఎర్రగుంట్ల దాటింది. వేలు దిగలేదు. ఫోను జేబులో పెట్టేశాను.

మరునాడు ఆఫీసులో ఫారంలో మూడో పెట్టె గీశాను: ‘గీసినవారి లోపం’. దానికే టిక్కు పెట్టి అమ్మాయికి పంపాను. ఆమె తన కుర్చీ లాక్కుని నా పక్కకు వచ్చి తెర చూసింది. జరిగింది చెప్పాను, నేల మీద కూర్చున్న సంగతి తప్ప. ఇది పంపితే గనుల పని పోతుందని నాకు తెలుసో లేదో కనుక్కుంది. తెలుసన్నాను. ఇంకా కాసేపు చూసి, "ఈ పెట్టెలోనుంచి బాణం యాడికి పోవల్ల సార్?" అని అడిగింది.

"జమ్మలమడుగు బస్టాండుకు," అన్నాను.

ఈసారి నవ్వింది.

గళ్లు తీసేస్తే పైనుంచే చదువుతారు గదా అని హైదరాబాదు వాళ్లు రాశారు. చదువుతారు. కానీ గళ్లు నేతవాళ్లవి, బాణాలు నావి. ఎవరి వస్తువు మార్చాలో తేల్చడానికి కోర్టుకు పోనక్కర్లేదనిపించింది. బొమ్మనంతా తలకిందులు చేశాను. ‘మగ్గం ఆపండి’ అడుగుకు పోయింది, బాణాలు పైకి ఎక్కాయి. మొదటి పెట్టె కింద ఉండటం ప్రపంచంలో ఎక్కడా లేదని ఇంకో ఉత్తరం వచ్చింది. మా దగ్గర ఉంది అని అమ్మాయి జవాబిచ్చింది.

రెండోసారి పరీక్షలో పదకొండు మంది పాసయ్యారు. ఆమె అందరికన్నా ముందు ముగించి, పక్కవాళ్లకు చెప్పబోయి మేనేజరు చేత చివాట్లు తింది. నేర్పే పని ఆమెకే వచ్చింది. గనుల కోర్సు హైదరాబాదులో, మంచి కుర్చీలున్న చోట తయారవుతోంది. అందులో మళ్లీ ప్రయత్నించమనేది మాత్రం నేనే.

ఆమె ఇప్పుడు నెలకోసారి ఫోను చేస్తుంది. రెండో పాఠంలో నాలుగో పెట్టె తప్పంటుంది, మూడో పాఠం చూసి పిల్లోళ్లు నవ్వుతాండారంటుంది. ఫోనులో చెప్పమంటే చెప్పదు. వచ్చి చూడాలి.

మొన్న పోయాను. చెప్పించుకోకుండానే గుంట పక్కన కూర్చున్నాను. పని ముగిశాక ఆమె చెయ్యి చాపింది. పట్టుకునే లేచాను.