రస్టీ కట్టిన బాణీ

మా ట్రాయ్ ఊళ్ళో తెలుగువాళ్ళని శ్యామ్‌సుందర్‌గారి గురించి అడిగితే, "ఆ, మైకులు సరిచేసే ఆయన కదూ" అంటారు. ఉగాదైనా దీపావళైనా స్టేజీ పక్కన వైర్ల మధ్య గొంతుక్కూర్చుని ఉండేవారు. పాడినవాళ్ళకి శాలువాలు కప్పేవాళ్ళం. ఈయనకి ఒక ప్లేటు పులిహోర మిగిల్చేవాళ్ళం, అదీ గుర్తుంటే. ఉద్యోగం కార్ల సీటు బెల్టుల కంపెనీలో. మనిషి నోట్లో నాలుక లేనట్టే ఉండేవారు. ఆయన కట్టిన బాణీని లక్షలమంది వింటున్నారని మాకెవరికీ తెలీదు. చాలాకాలం ఆయనకే తెలీదు.

తొంభైల మొదట్లో ఆయన చదువుకోడానికి వచ్చినప్పుడు, తోటి కుర్రాళ్ళు దొంగచాటుగా హోటళ్ళలో గిన్నెలు తోమేవారట. ఈయన ఒక డెంటిస్టు ఆఫీసు పక్కన, రెండు గదుల్లో నడిచే వీడియో గేముల కంపెనీలో దూరారు. స్టూడెంట్ వీసా మీద బయట పని చెయ్యకూడదు కాబట్టి జీతం చాటుగా చేతికే ఇచ్చేవారు. వాళ్ళు తయారుచేసిన ఒక గేముకి సంగీతమంతా ఈయనదే. ఆ కాలపు గేము మిషన్లో ఒకేసారి మూడు స్వరాలు, ఒక బుస్సుమనే చప్పుడు పలుకుతాయి, అంతే. వాటితోనే, గుహలో ఒంటరిగా నడిచే ఘట్టానికి శుభపంతువరాళి రాగంలో బాణీ కట్టారు. పేరుకే శుభం, రాగం నిండా దిగులే. స్వరాన్ని ఒకచోట నిలవనివ్వకుండా జార్చి గమకం తెప్పించారు. బుస్సుమనే చప్పుడుని ముక్కలు చేసి మృదంగం వాయించారు.

తీరా గేము చివర పేర్లు వేసే వేళకి, "నీ పేరు వేస్తే నీకే డేంజర్" అని ఓనరు సంగీతం అన్నచోట తన కుక్క పేరు వేశాడు. రస్టీ. అందరూ నవ్వారట. ఈయనా నవ్వారట.

ముప్పై ఏళ్ళు గడిచాయి. క్యారీ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న కూతురు అవని, పాత గేముల పాటలు వింటూ ఒక బాణీ దగ్గర ఆగిపోయింది. వాళ్ళ నాన్న బెండకాయలు తరుగుతూ తీసే కూనిరాగం అది. ఇంటికొచ్చినప్పుడు భోజనాల దగ్గర ఫోన్లో పెట్టింది. వాళ్ళింటి మనిషిలా తిరిగేదాన్ని, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

శ్యామ్‌సుందర్‌గారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. "ఇది నాదేరా" అన్నారు.

"Dad! ఓ మై గాడ్! దీనికి ఫ్యాన్స్ ఉన్నారు. ఒక కంపెనీ రికార్డ్ వేస్తోంది. రస్టీ ఎవరో తెలిస్తే చెప్పండి అని అడుగుతున్నారు. నేను ఈమెయిల్ చేస్తా."

"వద్దు" అంది కృష్ణకుమారి, ఆయన భార్య. అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో అడిగారు, పర్మిషన్ లేకుండా ఎప్పుడైనా వర్క్ చేశారా అని. ఒట్టేసి నో అన్నారు మీ నాన్న. ఇప్పుడు పేరు బయటపడితే? నా గ్రీన్‌కార్డు ఆయన మీదే కదా వచ్చింది."

"అమ్మా, థర్టీ ఇయర్స్ అయింది. ఎవరూ కేర్ చెయ్యరు."

"నువ్విక్కడ పుట్టావు. నీకేం తెలుసు?"

నాకు కృష్ణకుమారి మీద ఒళ్ళు మండింది. కానీ ఇలాంటి అబద్ధం లేని ఇళ్ళు మాలో ఎన్ని ఉన్నాయి? అప్పట్లో అందరూ ఆ ప్రశ్నకి నో అనే చెప్పేవారు. రేవు దాటితే చాలనుకున్నాం. రేవు దాటాక కూడా భయం దిగలేదు, అంతే.

ఆయన ఆ తర్వాత చాటుగా ఆ బాణీ కింద జనం రాసిన కామెంట్లు చదువుకునేవారు. ఎవరో అది అరబ్బు సంగీతమని రాస్తే, "చూశారా రేణుగారూ, శుభపంతువరాళిని ఎడారికి పంపించేశాడు" అని నాతో చెప్పి, పిల్లాడిలా మురిసిపోయారు. మైకుల దగ్గర ఎన్నడూ అలా వెలిగిన మొహం కాదది.

వేసవికల్లా కడుపులో కాన్సర్ అని తేలింది. హాస్పిటల్లో, నా ముందే, భార్య చెయ్యి పట్టుకుని అడిగారు. "నేను పోయాక వాళ్ళకి నా పేరు చెప్పు, కుమారీ. అప్పుడింక నన్నేం చేస్తారు? రికార్డు మీద ఒక్క పేరు. అంతే."

"అలాగేనండీ" అంది ఆవిడ. ఆయన కళ్ళు మూసుకుని తలూపారు.

ఫ్యూనరల్ హోమ్‌లో అవని ఆ బాణీ పెట్టింది. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, "ఎవరి ఫోనమ్మా అది? ఆపండి, బాగుండదు" అన్నాడు. పిల్ల గబగబా ఆపేసింది. ఆయన శవం ముందు ఆయన పాట అలా ఆగిపోయింది. నాకు ఆ పెద్దాయన చెంప పగలగొట్టాలనిపించింది. పాపం, ఆయనకేం తెలుసు!

పదకొండో రోజు కర్మ అయ్యాక అవని లాప్‌టాప్ తెరిచింది. కృష్ణకుమారి వచ్చి మూసేసింది.

"నాన్నకి ప్రామిస్ చేశావ్ అమ్మా."

"చేశాను. పోయేవాళ్ళకి కాదని ఎలా చెప్తారు? ఉండాల్సినదాన్ని నేను." లాప్‌టాప్‌ని తన వైపు లాక్కుంది. "ఈ వయసులో నన్ను పంపించేస్తే నేనెక్కడికి పోనే? అక్కడ నాకెవరున్నారు?"

అవని నావైపు చూసింది. సాయం చెయ్యమనే ఆ చూపు. కృష్ణకుమారి భయం ఉత్త భయమని నేను ఒట్టేసి చెప్పగలనా? ఈ రోజుల్లో ఎవరు చెప్పగలరు? అవని లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

మొన్న రికార్డు వచ్చింది. అవని ఒకటి అమ్మకి పంపింది. కృష్ణకుమారి నన్ను పిలిచింది, ఇద్దరం కలిసి అట్ట విప్పాం. ఆ పాత కంపెనీలో పనిచేసిన ఎవరినో పట్టుకుని, రస్టీ అంటే కుక్క అని రికార్డు వేసినవాళ్ళు కనుక్కున్నారు. కవరు నిండా దాని ఫోటో వేశారు. గోధుమరంగు కుక్క, నాలుక బయటపెట్టుకుని. కింద దాని పేరు, దాని స్మృతికి అంకితమని రెండు ముక్కలు. స్వరకర్త ఎవరో తెలియలేదని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది.

కృష్ణకుమారి ఆ కవరుని చాలాసేపు చూసింది. "కుక్కకి వేశారే పేరు" అంది. ఆయన పోయినప్పుడు కూడా నలుగురిలో బిగపట్టుకున్న మనిషి, ఆ అట్టముక్కని ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత మొహం కడుక్కొచ్చి కాఫీ పెట్టింది. కప్పు నా చేతికిస్తూ, "రేణూ, నువ్వు ఎవరి దగ్గరా అనకే" అంది.

అనను. అందుకే ఇందులో నా పేరుతో సహా అందరి పేర్లూ మార్చేశాను. కుక్క పేరు ఒక్కటే అసలుది.