గుమ్మడికాయ కొట్టాక మిగిలిన యుద్ధం

తెనాలి స్టేషన్లో పొద్దుటి బండి ఎక్కేటప్పుడు నా దగ్గర ఒక బట్టల సంచీ, పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసా ఉన్నాయి. రెండొందల ఏళ్ళ కిందట అమెరికావాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ జరిగిన యుద్ధం పని మీద నేను హైదరాబాదు వెళుతున్నానంటే మా భజన గుంపులో ఒక్కరూ నమ్మలేదు. "ఎవరి తరఫున వదినా?" అని కమల ఆటపట్టించింది. "పిలిచినవాళ్ళ తరఫున" అన్నాను.

పిలిచింది మా అన్నయ్య కూతురు సుధ. ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ పనులు చేస్తుంది. పైదేశాల సీరియళ్ళకి తెలుగు మాటలు రాసి, మనవాళ్ళ చేత చెప్పించడం. ఇన్నేళ్ళూ ఒకరి చేతి కింద చేసింది. ఈసారే సొంతంగా ఒక సీరియల్ ఒప్పుకుంది. 1812లో మొదలై మూడేళ్ళకి దగ్గరగా సాగిన యుద్ధం కథ అది. న్యూ ఆర్లీన్స్ అనే ఊళ్ళో ఒక ముసలావిడ తన చిన్ననాడు చూసిన ఆ యుద్ధాన్ని మనవలకి చెబుతూ ఉంటుంది. ఆవిడకి గొంతు దొరకలేదట. వయసు పిల్లలు ముసలి గొంతు పెడితే మేక అరిచినట్టుందని సీరియల్ ఇచ్చిన కంపెనీవాళ్ళు తిప్పి పంపేశారు. నేను రోజూ భాగవతం చదివి మా బంధువుల గ్రూపులో పెడుతుంటాను కదా, అందులోంచి ఒకటి తీసి సుధ వాళ్ళకి వినిపించింది. ఈ గొంతే కావాలన్నారట.

నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు. నాన్నగారే వసారాలో కూర్చోబెట్టి అక్షరాలూ పద్యాలూ నేర్పారు. తప్పు చదివితే కోప్పడేవారు కాదు, "మళ్ళీ అమ్మా" అనేవారు, అంతే. ఆ నేర్పిన నోటికి ఇన్నేళ్ళకి పిలుపు వచ్చిందని కిటికీ పక్కన కూర్చుని ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను.

గుంటూరు దాటాక పక్క సీటు కుర్రాడికి పులిహోర పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. సంగతి విని, "ఆంటీ, ఇంతకీ ఆ యుద్ధం ఎవరు గెలిచారు?" అన్నాడు.

"చెప్పకు నాయనా, నేనింకా చూడలేదు."

"నాకు తెలిస్తే కదాంటీ చెప్పడానికి!" అని ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక సికింద్రాబాదులో దిగాను. నాలాగా మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. స్టేషను పక్కనే మెట్రో ఉంది. అమీర్‌పేటలో బండి మారి ఎర్రగడ్డలో దిగితే సుఖం. మెట్లు ఎక్కక్కర్లేదు, లిఫ్టు ఉంది. సుధ అక్కడే నిలబడి ఉంది. కాయగూరల బజారులో వంకాయలు కొనుక్కుని బోరబండ గుట్ట మీద వాళ్ళింటికి ఆటోలో వెళ్ళాం. రాత్రి పక్క వేసుకున్నాక చెప్పింది, ఇది సరిగ్గా అందిస్తే కంపెనీవాళ్ళు వరసగా పని ఇస్తామన్నారని. గడువు దాటితే ఫిల్మ్ నగర్‌లో మళ్ళీ సొంతంగా నిలబడడం కష్టమని. "భయమేస్తోంది అత్తా" అంది. దాని తల నిమిరి పడుకోబెట్టాను.

మర్నాడు పొద్దున ఆటో ఎక్కాం. జూబ్లీ హిల్స్ చెక్ పోస్టు దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, "హీరోల ఇండ్లు చూడనీకి వచ్చిన్రా అమ్మా?" అన్నాడు.

"లేదు బాబూ, డబ్బింగ్ చెప్పడానికి."

"మీరా? అయితే జర ఒక డైలాగ్ కొట్టున్రి మరి!"

"వినాలంటే ఆటో ఆపకుండా పోనీ నాయనా" అన్నాను. ఆ ట్రాఫిక్‌లోనే పగలబడి నవ్వాడు. దిగేటప్పుడు, "గా ఆటో డైలాగ్ మస్తుగుంది, సినిమాల పెట్టుకోవచ్చు" అన్నాడు.

ఫిల్మ్ నగర్ అంటే అడుగడుగునా తారలు కనిపిస్తారనుకునేరు. నాకు కనిపించినవి ఎత్తుపల్లాల రోడ్లు, పెద్ద గేట్లు, లైట్లు మోసే వ్యానులు, టీ కొట్టు దగ్గర కథలు చెప్పుకునే కుర్రాళ్ళు. స్టూడియో ఒక మేడ కింది అంతస్తులో ఉంది. చెప్పులు బయట విడవాలి. లోపల మైకు, ఎదురుగా తెర, అద్దానికి అవతల మిషను దగ్గర యాదగిరి. అతనిది బోరబండే. సుధని అక్కా అంటాడు, నన్ను పెద్దమ్మా అన్నాడు.

మొదటి చిక్కు నా గాజులతో వచ్చింది. చెయ్యి కదిలితే మైకులో గలగలమంటున్నాయి. తీయమనడానికి యాదగిరికి నోరు రాలేదు, తీయడానికి నాకు మనసు రాలేదు. సుధ రెండు చేతిరుమాళ్ళు తెచ్చి గాజుల మీద గట్టిగా చుట్టింది. రెండో చిక్కు పెదవులు. తెర మీద ఆవిడ పెదవులు మూసుకున్నప్పుడు మన మాటలోనూ పెదవులు మూసుకోవాలి. లేకపోతే గొంతు ఒకరిది, నోరు ఇంకొకరిది అన్నట్టుంటుంది. నాలుగైదు సార్లు తప్పాను. "మళ్ళీ అత్తా" అని అద్దం వెనకనించి సుధ అంటే నాకు చిన్నతనం గుర్తొచ్చి హాయిగానే అనిపించింది.

అమెరికా సైన్యాధిపతికి గొంతు ఇచ్చింది రాఘవులు గారు. రాజమండ్రి మనిషి, సుధ బాబాయ్ అని పిలుస్తుంది. బక్కపలచగా ఉంటారు, కండువాతో గొంతు కప్పుకుంటారు. ఆయన మైకు ముందు నోరు తెరిస్తే మాత్రం ఏనుగు లేచి నిలబడ్డట్టుంటుంది. నా మొదటి రోజు పని విని, "తెనాలి వాళ్ళకి మాటలు ఒకరు నేర్పాలా అక్కయ్యగారూ!" అన్నారు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు కాని, నా ఫ్లాస్కులో కాఫీ ఆయనకి పోశాను.

అలా ఇద్దరం కలిసి ఆ యుద్ధాన్ని దాటాం. ఇంగ్లీషువాళ్ళు వాషింగ్టన్ తగలబెట్టారు. అధ్యక్షుడి భార్య ఇల్లు వదిలి పరుగెత్తుతూ కూడా గోడ మీది పటం ఒకటి తీయించి భద్రం చేయించిన చోట మా పూజగది గుర్తొచ్చింది. బాల్టిమోరు కోట మీద రాత్రంతా గుళ్ళ వాన కురిసి, తెల్లారేసరికి జెండా ఇంకా ఎగురుతుంటే యాదగిరి తలుపు తీసుకొచ్చి చప్పట్లు కొట్టాడు. "నీ చప్పట్లూ మైకులో ఎక్కాయిరా!" అని రాఘవులు గారు తిట్టి ఆ ముక్క మళ్ళీ చెప్పారు.

రెండోరోజు మధ్యాహ్నానికి సంధి దృశ్యం వచ్చింది. సముద్రం అవతల ఒక ఊళ్ళో రెండు దేశాల పెద్దలూ సంతకాలు పెట్టారు. చేతులు కలుపుకున్నారు, గంటలు మోగాయి, వాద్యాలు పెద్దగా లేచాయి, తెర నల్లబడింది. అంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పగవాళ్ళు కలిసిపోయి వాద్యాలు మోగాక మన సినిమాల్లో పడేది శుభం కార్డే కదా! సుధ కళ్ళు తుడుచుకుని, "కొట్టేద్దాం బాబాయ్" అంది.

సినిమావాళ్ళు మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ, ముగించేటప్పుడు గుమ్మడికాయ కొడతారు. గేటు ముందు గుమ్మడికాయకి కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, రాఘవులు గారే దిష్టి తీసి నేలకేసి కొట్టారు. మైసూరుపాకు పంచుకున్నాం. ఆయన కండువా సర్దుకుని స్కూటరు దగ్గరికి నడుస్తుండగా లోపల్నించి యాదగిరి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! ఇంకో ఫైలున్నది. నేను ట్రైలర్ అనుకున్న. ట్రైలర్ కాదు, లడాయి ఉన్నది గిండ్ల!"

అందరం లోపలికి పోయి చూశాం. సుధ ఇంగ్లీషు విని మాకు చెప్పింది. సంధి జరిగింది నిజమే. కాని ఆ కబురు ఓడలో సముద్రం దాటి రావాలి. రెండు దేశాలూ ఖాయం చేస్తేగాని యుద్ధం ఆగదు. ఈలోగా న్యూ ఆర్లీన్స్ బయట రెండు సేనలూ ఎదురుపడ్డాయి. వందలమంది పోయి, అమెరికావాళ్ళకి అన్నిటికన్నా పెద్ద గెలుపు అప్పుడే వచ్చింది.

"అంటే వాళ్ళు గూడ మన లెక్కనే గుమ్మడికాయ ముందుగాల కొట్టిన్రు" అన్నాడు యాదగిరి.

నవ్వడానికి తీరిక లేదు. మర్నాడు మధ్యాహ్నానికి మొత్తం అందించాలి. సుధ ఆ చివరి భాగానికి అప్పటికప్పుడు మాటలు రాయడానికి కూర్చుంది. ఆ భాగం నిండా సైన్యాధిపతే. రాఘవులు గారు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

"క్షమించమ్మాయ్. గుమ్మడికాయ పగిలాక మైకు ముందు నిలబడను. ఒకసారి నిలబడ్డాను. నెల్లాళ్ళు గొంతు పెగల్లేదు. ఈ గొంతు తప్ప నాకేముంది చెప్పు?"

"బాబాయ్, ఇంకొకరి చేత చెప్పిస్తే ఒప్పుకోరు. ఇన్ని భాగాలు మీరే చెప్పారు."

"వాళ్ళ గెలుపే అప్పుడొచ్చిందంట కద సార్" అన్నాడు యాదగిరి.

"గెలిచినవాళ్ళ సంగతి చెబుతున్నావు. అంతా అయిపోయాక అనవసరంగా పోయిన వందలమంది మాటేమిటి? నన్నూ వాళ్ళలో కలపమంటావా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. బెట్టు కూడా కాదది, భయం. నమ్మకం ఉన్నవాళ్ళ భయం నాకు తెలుసు. ఇంటి ఇలవేల్పుని తలుచుకుని, ఒక్క మాట అడగనా అన్నాను.

"అడగండి."

"మీ ఇంట్లో పూజ ఎవరు చేస్తారు అన్నయ్యగారూ?"

"నేనే."

"దేవుడికి ఉద్వాసన చెప్పి పీట కదిపాక, అయ్యో, నైవేద్యం పెట్టలేదే అని గుర్తొస్తే ఏం చేస్తారు?"

"మళ్ళీ ఆవాహన చెప్పి కూర్చోబెడతాను."

"తప్పు కాదా మరి?"

"ఆకలితో పంపడం పెద్ద తప్పు కదండీ" అనేశారు.

"పూజలో లోపం జరుగుతుందని పెద్దలకి ముందే తెలుసు. అందుకే ప్రతి పూజ చివరా క్షమాపణ పెట్టారు. మనమూ అడుగుదాం. కొబ్బరికాయ కొట్టి కొత్త పనిగా మొదలుపెడదాం. మీకు భయంగా ఉంటే ముందు నేను నిలబడతాను. కీడేమన్నా ఉంటే నా గొంతుకే తగలనివ్వండి."

రాఘవులు గారు కండువా తీసి కళ్ళు ఒత్తుకున్నారు. తరవాత యాదగిరి మీద విరుచుకుపడ్డారు. "ఏరా, నిలబడి చూస్తావేం? కొబ్బరికాయ తేపో! పీచు ఉన్నది చూసి తే!"

కాయ ఒక్క దెబ్బకి రెండు చిప్పలయింది. లోపల పువ్వు వచ్చింది! సుధ ఆ పువ్వు తీసి ముందు ఆయన చేతిలోనే పెట్టింది.

అన్నమాట ప్రకారం ముందు నేను నిలబడ్డాను. తెర మీద తెల్లవారుజాము పొగమంచు. బయట ఫిరంగులు. గుడిలో సన్యాసినులూ ఆ ఊరి ఆడవాళ్ళూ మోకాళ్ళ మీద కూర్చుని మేరీ తల్లిని వేడుకుంటున్నారు. వాళ్ళలో పన్నెండేళ్ళ పిల్ల మా ముసలావిడే. ఆ సంగతి మనవలకి చెబుతున్న ముసలావిడ పెదవులు ఒకసారి మూసుకుని విడిపోయాయి. సుధ కాగితంలో "తల్లీ" అని రాసి ఉంది. నా నోట "అమ్మా" అని వచ్చింది. పెదవి సరిగ్గా కలిసింది. ఏ దేశమైతేనేం, పిల్లలు గుమ్మం దాటి పోతే ఆడవాళ్ళు చేసే పని ఇదే కదా అనిపించి మిగతా మాటలు వాటంతటవే వచ్చాయి. చివర, రెండు వైపులా పోయినవాళ్ళ కోసం దీపం పెట్టాం అని చెప్పే మాట ఉంది. అది చెప్పేటప్పుడు రాఘవులు గారు అద్దానికవతల చేతులు జోడించి ఉన్నారు.

తరవాత ఆయన లోపలికొచ్చారు. మట్టికట్ట వెనక రైతులూ వేటగాళ్ళూ సముద్రపు దొంగలూ అంతా ఒకటై నిలబడి ఉన్నారు. "తొందరపడకండి. దగ్గరికి రానివ్వండి" అని మెల్లగా అని, ఒక్క ఊపిరి పట్టి "ఇప్పుడు!" అన్నారు. ఒక్కసారి కూడా మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. పొద్దు గుంకకముందే గెలిచాం.

"గొంతెలా ఉంది బాబాయ్?" అంది సుధ భయంగా.

ఆయన గొంతు పట్టుకుని మొహం బాధగా పెట్టారు. సుధ మొహం పాలిపోయింది. అప్పుడు గది అద్దాలు అదిరేటట్టు, "కాఫీ ఏదీ!" అని అరిచారు. యాదగిరి నవ్వలేక కుర్చీలో కూలబడ్డాడు. రెండో గుమ్మడికాయ కొడదామని ఎవరో అంటే, "ముందు ఫైళ్ళన్నీ తెరిచి చూసి చావండి!" అన్నారు రాఘవులు గారు.

మర్నాడు గడువుకి ముందే పని అందించి, జూబ్లీ హిల్స్ పెద్దమ్మ గుడికి వెళ్ళాం. అమ్మవారికి గాజులూ పసుపూ ఇచ్చి కళ్ళు మూసుకుంటే అడగడానికి ఏమీ మిగల్లేదు, దండాలే మిగిలాయి. ఆ మరుసటి పొద్దున సికింద్రాబాదులో తిరుగు బండి ఎక్కాను. బండి నల్గొండ దాటుతుండగా సుధ ఫోను.

"అత్తా! నచ్చిందట! చివరి భాగం రెండుసార్లు చూశారట. ఇంకో రెండు సీరియళ్ళు నాకే ఇస్తున్నారు. బాబాయ్ అప్పుడే తీపి పంచేస్తున్నాడు!"

ఏడుస్తోందో నవ్వుతోందో. నేనూ అంతే. కొత్తచోటికి బయల్దేరేటప్పుడు మనకి ఏం చేతవునో చూసుకుని వెనకాడతాం. కొంచెమే చేతనైనా చాలు, వెళ్ళండి. అక్కడ మనని కలుపుకునే మనుషులని ఆ తల్లే చూపిస్తుంది. నాకు చూపించింది.

ఎదుటి సీటులో పండ్ల బుట్ట పెట్టుకున్న పెద్దావిడ నన్ను అప్పటినించీ గమనిస్తోంది. ఇక ఉండబట్టలేక అడిగింది. "ఎక్కడినించమ్మా, ఇంత సంతోషంగా వస్తున్నారు? పెళ్ళా?"

"యుద్ధం గెలిచి వస్తున్నానండి" అన్నాను.

ఆవిడ నన్ను పైనించి కిందికి చూసింది. కొంచెం పక్కకి జరిగి కిటికీ వైపు చోటిచ్చి, బుట్టలోంచి ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది.