నలభై కిలోమీటర్లకు మూడు చలికాలాలు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల నలభై కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ అయితే గంట, ఆర్డినరీ అయితే గంటన్నర. ఈ దారిలో ఎనిమిదేళ్లుగా టికెట్లు కొడుతున్నాను కాబట్టి ఎక్కడ గుంత ఉందో, ఏ స్టేజీలో ఎవరు చిల్లర లేదంటారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా ఒక పని మీద ఆ ఊరికి చేరడానికి నాకు మూడు చలికాలాలు పట్టింది. చేరానా అంటే, బస్సు చేరింది అని మాత్రం చెప్పగలను. ఇదే పని మీద బయలుదేరే ఆడవాళ్లు ఇంకా ఉంటారు, వాళ్ల కోసం రాస్తున్నాను. మగవాళ్లు చదివినా అభ్యంతరం లేదు. బస్సులో ఎవరినైనా తేరిపార చూసేటప్పుడు కాస్త గుర్తు తెచ్చుకుంటే చాలు.

పనేమిటంటే, నాకు గడ్డం వస్తుంది. ఇరవై రెండో ఏట మొదలైంది. ఏదో హార్మోను తేడా అన్నారు, మందులు ఇచ్చారు, మందులకు ఒళ్లు వచ్చింది గానీ గడ్డం పోలేదు. రోజూ తెల్లవారక ముందే లేచి, బల్బు కింద అద్దం పెట్టుకుని, ప్లక్కర్‌తో ఒక్కొక్కటే పీక్కుని డ్యూటీకి పోయేదాన్ని. ఇంట్లో ఉండే ఆడమనిషి అయితే కొంగు అడ్డం పెట్టుకుని రోజు గడిపేయవచ్చు. కండక్టరుకు ఆ వీలెక్కడిది? రోజుకు మూడు నాలుగు వందల మంది ముఖంలో ముఖం పెట్టి "ఎక్కడికి?" అని అడగాలి.

రెండువేల నాలుగులో అనుకుంటాను, నంద్యాలకు నెలనెలా రెండో ఆదివారం హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ వస్తున్నారనీ, లేజరుతో వెంట్రుకలు తీస్తున్నారనీ తెలిసింది. మే నెలలో సెలవు దొరికింది కదా అని పరుగెత్తాను. ఆమె నా ముఖం చూసి, చేతులు చూసి, "ఇది ఎండాకాలంలో చేసే పని కాదమ్మా. ఎండకు నల్లబడిన చర్మం మీద లేజరు కొడితే కాలి మచ్చలు పడతాయి. నవంబరు, ఫిబ్రవరి మధ్య రండి" అన్నారు. ముందొక నెల, తర్వాతొక నెల ముఖానికి ఎండ తగలకూడదు. పీకకూడదు, దారంతో తీయించకూడదు, ఎందుకంటే లేజరు పనిచేసేది వేరు మీద, వేరుతో సహా లాగేస్తే దానికి కొట్టడానికేమీ ఉండదు. కావాలంటే బ్లేడుతో గీసుకోవచ్చు. నెలకొకటి చొప్పున అయిదారు సిట్టింగులు పడతాయి, ఒక్క చలికాలంలో ముగియకపోయినా సగానికి పైగా పలచబడుతుంది. ఒక్కో సిట్టింగుకు నా జీతంలో సగం. అన్నిటికీ తల ఊపాను.

చలికాలమే మంచిదన్నారు డాక్టరమ్మ. నిజమే, చర్మానికి మంచిదే. మాకు మాత్రం అది స్పెషల్ బస్సుల కాలం. కార్తీకమాసం వస్తే శ్రీశైలం, ఆ వెంటనే సంక్రాంతి, ఆ తర్వాత శివరాత్రి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సెలవు అనే మాట ఎత్తితే నవ్వుతారు. మొదటి చలికాలం అట్లా పోయింది. రెండో చలికాలం ఎట్లాగో ఒక ఆదివారం సంపాదించుకుని పోయాను. ముఖానికి పౌడరు దట్టంగా కొట్టుకుని, "ఎండలో తిరగలేదు మేడం" అన్నాను. ఆమె నా వాచీ విప్పమన్నారు. వాచీ కింద చర్మం ఒక రంగు, దాని చుట్టూ చేయి ఇంకో రంగు. "మీ చెయ్యే చెబుతోంది కదమ్మా" అని పంపించేశారు.

మూడోసారి గట్టిగా అనుకున్నాను. ఖాజాబీ అని మా డిపోలో ఇంకో కండక్టరు ఉంది, ఆమెకు ఆ నెల బస్టాండులో పాసుల కౌంటరు పని పడింది. కాళ్లావేళ్లా పడి మార్చుకున్నాను. బదులుగా శివరాత్రికి ఆమె వంతు శ్రీశైలం స్పెషల్స్ అన్నీ నేను పోవాలి. ఒప్పందం అది. నెల రోజులు కిటికీ లేని గదిలో కూర్చున్నాను. పొద్దున చీకటితో వచ్చి, పొద్దు గూకినాక ఇంటికి పోయాను. వాచీ గుర్తు మెల్లగా చెరిగిపోతుంటే రోజూ చూసుకుని మురిసిపోయాను.

ఎండ సంగతి గెలిచాను గానీ వెంట్రుకల సంగతే నరకం. పీకకూడదు. గీసుకుందామని బ్లేడు కొని తెస్తే మా అమ్మ లాక్కుని దిబ్బలో పారేసింది. "బ్లేడు పెట్టినావంటే మగోనికి మల్లే మొలుస్తాది మ్మే, ఇంగ జన్మలో పోదు" అంది. అబద్ధమని డాక్టరమ్మ చెప్పినా, నాకూ లోపల భయం ఉండింది. అందుకని స్కార్ఫు కట్టుకున్నాను. పాసుల కోసం వచ్చే కాలేజీ పిల్లలు పంటినొప్పా మేడం అని అడిగితే అవునన్నాను. నెల రోజులు ఎవరింటికీ పోలేదు, ఎవరి ముందూ అన్నం తినలేదు.

రెండువేల ఏడు జనవరి, రెండో ఆదివారం. ఏడుంబావుకు ఇంట్లో బయలుదేరాను. "ఆదివారం ప్రార్థన ఇడిసిపెట్టి గడ్డం కోసరం పోతాండావా?" అంది అమ్మ. "ప్రార్థన పదేండ్లు చేసినా కదా" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది.

ఏడూ నలభైకి కడప వైపు నుంచి వచ్చే కర్నూలు బస్సు ఎక్కాను. మా డిపో బస్సయితే ఐడీ కార్డు చూపించి ఊరికే పోవచ్చు, కానీ పలకరింపులు తప్పవు. పద్దెనిమిది రూపాయలు పెట్టి టికెట్ కొన్నాను. పోయేవాళ్లకు ఒక మాట: పొద్దున నంద్యాలకు పోయేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. ఎండ నల్లమల మీదుగా కుడి కిటికీల్లో పడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా ఎడమే నీడ.

ఎడమవైపు మూడో సీటు దొరికింది. నిలబడకుండా, లెక్క చూసుకోకుండా ఈ దారిలో కూర్చుని పోవడం ఎంత సుఖమో ఆ రోజే తెలిసింది. శనగ చేలు పచ్చగా ఉన్నాయి, చలిగాలి సన్నగా కొడుతోంది. నిద్ర పట్టేసింది. శిరివెళ్ల మెట్ట దగ్గర ఎవరో పక్కన కూర్చున్నట్టు తెలిసింది గానీ కళ్లు తెరవలేదు.

తెరిచేసరికి ఒక ముసలావిడ నా ముఖంలోకి చూస్తోంది. స్కార్ఫు జారి మెడ మీద పడి ఉంది.

"ఏ సామికి మొక్కుకున్న్యావ్ మ్మే?" అని అడిగింది.

"ఏందవ్వా?"

"అదే, గడ్డం. మా పెద్దోడు గూడ పెంచుతాండాడు. బిడ్డకు బాగలేదని శ్రీశైలం సామికి మొక్కుకున్న్యాడు. ఆడోళ్లు గూడ మొక్కుకుంటారని నాకు తెల్దు. నీకెంత కష్టమొచ్చిందో ఏమో తల్లీ."

అని నా చేయి పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆమె వేళాకోళం చేయలేదు. చేసి ఉంటే నాకు నోరుంది, ఎనిమిదేళ్ల సర్వీసుంది, బస్సు దిగేలోపల ఆమెను ఏడిపించి ఉండేదాన్ని. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్లు వెనక్కి తిరిగారు. ఒకతను నవ్వు ఆపుకోలేక, "నువ్వు ఊరుకో అవ్వా" అన్నాడు. ఇంకొకతను ఊరుకోలేదు, నంద్యాల వచ్చేదాకా ఏదో సాకుతో తిరిగి చూస్తూనే ఉన్నాడు.

"అవునవ్వా, మొక్కే" అన్నాను.

ఎనిమిదీ యాభైకి నంద్యాల బస్టాండు. క్లినిక్ పదకొండుకు గానీ తెరవరు. క్లినిక్‌లో స్కార్ఫు తీయించి కూర్చోబెడతారు, పోయినసారి చూశాను. చుట్టూ కాలేజీ అమ్మాయిలు, చేతుల మీద నూగు పోవాలని వచ్చినవాళ్లు. నున్నటి ముఖాలు వాళ్లవి. నెల రోజుల గడ్డంతో వాళ్ల మధ్యన రెండు గంటలు కూర్చోవాలి. పొద్దున ఇంట్లో అది కష్టంగానే తోచింది గానీ, చేయలేననిపించలేదు. ఆ ముసలావిడ చేయి కళ్లకద్దుకున్నాక ఇక నావల్ల కాలేదు.

బస్టాండు ఎదురుగా అంగట్లో రేజరు ఒకటి కొన్నాను. ఆడవాళ్ల మరుగుదొడ్డిలో అద్దం లేదు, కొళాయిలో నీళ్లు లేవు, బయట వరుస ఉంది. రెండు నిమిషాలు నిలబడి బయటికి వచ్చేశాను.

శ్రీనివాస సెంటరు వైపు నడుస్తుంటే మేడ మీద బ్యూటీ పార్లరు బోర్డు కనిపించింది. తొమ్మిదిన్నరకు మెట్లెక్కాను. ఇరవై ఏళ్ల అమ్మాయి ఊడుస్తోంది. నా ముఖం చూసి ఆశ్చర్యపోలేదు, అందుకు ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"రేజరుతో గీస్తావా పాపా?" అని అడిగాను.

"బ్లేడా? ఆడోళ్లకు బ్లేడు పెట్టమక్కా. దారంతో తీస్తా, బేగా అయిపోతాది. కూచో."

నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరూ అనుకోవద్దు. దారం వేరుతో లాగుతుందని, లాగితే ఈ నెలంతా దండగని, శివరాత్రికి మాట ఇచ్చానని, ఆ తర్వాత ఎండలని, అన్నీ తెలుసు. పైకి కనబడేవి మాత్రం తీయిస్తే లోపల కొన్ని మిగులుతాయిలే అని నాకు నేను చెప్పుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం పైకెత్తాను. ఆ అమ్మాయి దారం ఒక కొస పళ్ల మధ్య పట్టుకుంది. ఇరవై నిమిషాలు పట్టింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే, "నొప్పా అక్కా?" అని రెండుసార్లు ఆగింది. కాదు, కానివ్వు అన్నాను.

కిందికి దిగి హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. స్కార్ఫు సంచిలో పెట్టి, నలుగురి మధ్యన బల్ల దగ్గర కూర్చుని నెల రోజుల తర్వాత తిన్న తిండి అది. బజ్జీ ఇంకోటి తెప్పించుకున్నాను. టీ తాగాను. ఎంత బాగుందో చెప్పలేను.

క్లినిక్‌లో నా వంతు ఒంటిగంటకు వచ్చింది. డాక్టరమ్మ ముందు నా చేయి చూశారు. వాచీ గుర్తు లేదు. "బాగా జాగ్రత్త పడ్డారే" అని సంతోషంగా అన్నారు. తర్వాత లైటు వేసి, భూతద్దం పెట్టి, గడ్డం కింద వేలితో తడిమి ఆగిపోయారు.

"ఎప్పుడు తీయించారు?"

"మూడు వారాలైంది మేడం."

"ఇంకా ఎర్రగా ఉందమ్మా. ఈ పొద్దే కదా?"

ఆమె కోప్పడలేదు, లైటు ఆర్పేసి కుర్చీలో కూర్చున్నారు. "మెషీనుకు వెంట్రుక కావాలి. ఉంచుకుని రమ్మన్నాను కదా. ఎందుకిట్లా చేశారు?"

"మీ దగ్గరికి గడ్డంతో రావడానికి సిగ్గయింది మేడం" అన్నాను.

"ఆ గడ్డం చూడటానికే కదమ్మా నేను హైదరాబాదు నుంచి వచ్చేది" అన్నారు. ఫీజు వద్దన్నారు. వచ్చే నెల రమ్మన్నారు. వచ్చే నెలంతా శ్రీశైలం డ్యూటీ అని చెప్పాను. "మార్చిలో మీకు నేను చేయను, ఆ ఎండలో చేయకూడదు. మళ్లీ నవంబరే" అని చీటీ మీద రాసిచ్చారు.

రెండుంబావుకు తిరుగు బస్సు. మా డిపోదే వచ్చింది, వదులుకునే ఓపిక లేక ఎక్కేశాను. ఎడమవైపే కూర్చున్నాను, ఇక ఎండ తగిలితే ఏం, తగలకపోతే ఏం అనుకుంటూనే. కండక్టరు రమణన్న నాతోపాటు ఉద్యోగంలో చేరినవాడు. టికెట్లు ముగించుకుని వచ్చి పక్క సీటు కమ్మి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం రూతమ్మా, యాడ పోయొస్తాండావ్?"

"పంటి డాక్టరు దగ్గరికిన్నా."

"నయమైనట్టుందే. నెల దినాలాయ ఆ గుడ్డ కట్టుకోని తిరగబట్టి. ఈ పొద్దు మొగం కళగా ఉండాది."

నవ్వాను. పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది చెబుతాను. చలికాలమే మంచి కాలం, ఎవరు ఏమన్నా వేసవిలో పోకండి. నెల ముందు నుంచి నీడపట్టున ఉండండి. ఇంట్లోనే అద్దం ముందు గీసుకుని పొండి, అమ్మ మాట వినకండి. లేదంటే గడ్డంతోనే పొండి. ఎవరు మొక్కు అనుకున్నా అనుకోనివ్వండి, చేతులు కళ్లకద్దుకున్నా అద్దుకోనివ్వండి, క్లినిక్ తలుపు దాకా ఓర్చుకోండి. బస్టాండు నుంచి ఆ తలుపు దాకా నేను ఓర్చుకోలేకపోయాను.

శిరివెళ్ల దాటాక పిల్లవాడితో ఒకామె ఎక్కి నా పక్కన సర్దుకుని కూర్చుంది. పిల్లవాణ్ని నా ఒళ్లో కూర్చోబెట్టి, సంచి సీటు కింద తోసి, మళ్లీ నా వైపు చూడనైనా చూడలేదు. వాడు నా ఒళ్లోనే నిద్రపోయాడు. ఆళ్లగడ్డ వచ్చేదాకా ఆ బస్సులో ఒక్కరూ నన్ను రెండోసారి చూడలేదు. ఒక చలికాలం నా చేతులతో నేనే పాడు చేసుకుని వస్తున్నాను, అయినా ఆ గంటన్నర నాకు ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయిని తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.