ఫ్రేమ్ వద్దన్న దుర్యోధనుడు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. పుదుచ్చేరిలో, లాస్‌పేటలో నాది పటాలకు ఫ్రేములు కట్టే అంగడి. ఒకరోజు పెయింటర్ వసంత మినీ లారీలోంచి నిలువెత్తు దుర్యోధనుణ్ణి దింపించింది. ఎర్ర మొహం, పెద్ద భుజకీర్తులు, ఎత్తిన కాలు. తెరుకూత్తులో, అంటే ఇక్కడి వీధినాటకంలో, వేషం కట్టినట్టే ఉన్నాడు. అబ్బ, చూడగానే ఒళ్లు పులకరించింది!

కాన్వాసును లాగి బిగించే చెక్క చట్రాన్ని మేము స్ట్రెచర్ అంటాం. అది చేసి, చుట్టూ వెడల్పాటి బంగారు రంగు ఫ్రేమ్ వేద్దామన్నాను.

“ఫ్రేమ్ వద్దన్నా. కూత్తులో వేషగాడి చుట్టూ ఫ్రేమ్ ఉంటాదా ఏంది?”

“మరి నన్ను అంగడి మూసుకోమంటావా తల్లీ?”

నవ్వింది గానీ, వెంటనే మొహం చిన్నబోయింది. “పోయిన షోలో జనం సెల్ఫీ తీసుకోని పోయినారన్నా. బొమ్మను నిలబడి చూసింది యాడ? ఈసారీ అంతే అయితే నేను బొమ్మలు మానేస్తా. మా మామ ఈ వేషంలో వస్తే మా ఊళ్లో, ఏంబలంలో, ఒక్కరు కదిలేవాళ్లు కాదు.”

కూత్తులో పాత్ర ఊరికే రాదు. ఇద్దరు అడ్డంగా గుడ్డ పట్టుకుంటారు. వేషగాడు దాని వెనక నుంచి తానెవరో పాడతాడు, గజ్జెలు మోగిస్తాడు, ఊరిస్తాడు. ఆ తర్వాతే తెర దిగుతుంది. తన బొమ్మ కూడా అలాగే రావాలని వసంత పట్టు. ఇక ఏం చేస్తాను! కాన్వాస్ అంచులు వెనక్కి మడిచి మేకులు కనపడకుండా బిగించాను. షో జరిగే హాల్లో దుర్యోధనుడి పాదం నేలకు ఆనేలా గోడకు నిలబెట్టాను.

షో రోజు ఏంబలం నుంచి వ్యాన్ నిండా జనం వచ్చారు. తెర ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస వసంత. వెనకాల, బొమ్మ పక్కనే కుర్చీలో ఆమె మేనమామ మునుసామి. మోకాళ్లు అరిగి ఆట మానేసిన మనిషి, కూర్చునే గొంతెత్తాడు. చేతిలో గజ్జెలు ఝల్లుమన్నాయి. హాల్లో సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

“ఇడవండి!” అని అరిచాడు మామ. వదిలేశాం.

ముందు వరుస మొత్తం గబుక్కున వెనక్కి జరిగింది! ఒక అవ్వ మనవరాల్ని లాక్కుని, “జరగండమ్మా, దొర వస్తా ఉండాడు, దోవ ఇయ్యండి” అంది. బొమ్మకు దారి ఇచ్చారండీ! ఆగలేక ఈల వేసేశాను.

మునుసామి కుర్చీలోంచే మేనకోడలి చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. “నేనీడే కూర్చోని ఉండానా, నన్నొక్కడూ చూడలేదు పాపా! గెల్చినావు పో!”

వసంత గుడ్డలో మొహం దాచుకుని ఏడ్చేసింది.

ఇప్పుడు ఎవరు బొమ్మ తెచ్చినా ముందు ఫ్రేమ్ రంగు అడగను. ఇది జనానికి ఎలా ఎదురుపడాలి అని అడుగుతాను. ఆ జవాబు దొరికాకే కొలతల టేపు తీస్తాను.