మిషన్ కింది పాతర

ఇల్లు కిరాయికిచ్చేవాడు దాని మంచీచెడూ ముందే చెప్పాలనీ, దాస్తే కోర్టుకీడ్చవచ్చనీ ఇప్పుడంటున్నారు. వినడానికి బాగుంది. చిట్యాలలో మేము కిరాయికి దిగిన కాలంలో కోర్టుల కంటే క్యాంపులు దగ్గర. నిజాం దిగిపోయి యూనియన్ మిలట్రీ వచ్చింది. కమ్యూనిస్టు సంఘపోళ్లు తుపాకులు ఎక్కడ దాచారోనని జవాన్లు ఊరూరా ఇళ్ల నేలలు తడుతున్నారు.

నాది దర్జీ పని. ఉర్దూ బడిలో అక్షరాలు నన్ను పట్టుకునేలోపే నేను తప్పించుకున్నాను. కాకపోతే బజారు ఉర్దూ బాగా వచ్చు. కొత్తగా పెళ్లయింది, ఆస్తి ఒక కాలు మిషన్.

ఇంటి యజమాని, పటేలు, మమ్మల్ని ఇల్లంతా తిప్పి చూపించాడు. "గా మూలకు వాన కురుస్తది. కట్టెల కాడ తేళ్లుంటయ్, జర చూస్కోవాలె. పక్కింటామె నోరు మంచిది కాదు." ఇంత నిజం చెప్పే మనిషిని నేనప్పటిదాకా చూడలేదు. మిషన్ కూడా తానే ఒక చెయ్యి వేసి నడిమింటి మూలన పెట్టించాడు. "గీడ వెలుతురు బాగుంటది" అన్నాడు. అక్కడ కిటికీ లేదు. మర్యాద కొద్దీ నాకూ వెలుతురు కనిపించింది.

కొద్దిరోజులకు నేను లాగు కుడుతుంటే నా భార్య గుమ్మంలో ఆగి చెవి ఒగ్గింది.

"ఏమయ్యా, మన మిషన్ గిట్ల మోగకపోవు. కడుపుల నుంచి మోగుతాంది."

"ఆకలైతుందేమో."

"పరాచికాలాపి దిగు."

మిషన్ జరిపి పైమట్టి గీకితే బండ తగిలింది. చుట్టూ మట్టితో మెత్తి మూసిన పాతర నోరు. గింజ దాచుకునే గొయ్యి అని తెలుసు, అంతే. దాచేంత గింజ మా ఇంటావంటా ఎవరికీ లేదు. లోపల జొన్నలున్నాయో తుపాకులున్నాయో బండ చెప్పలేదు. అప్పటికే పై బజారులో సోదాలు మొదలయ్యాయి. నేలలో తుపాకీ దొరికితే, నేను దర్జీనన్న మాట వినేందుకు ఎవరూ ఆగరు.

పటేలు ఇంటికి ఉరికాను.

"ఏ పాతర?" అన్నాడు.

"నా మిషన్ కిందిది."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "జొన్నలేరా. తుపాకులు గిట్ల లెవ్వు. సర్కారోళ్లు లెవీ కింద గుంజుకపోతరని దాచిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దిగుదువా ఇంట్ల?"

అప్పుడర్థమైంది. ఖాళీ ఇంటినైతే తవ్వి చూస్తారు, కాపురమున్న ఇంటిని చూడరని మమ్మల్ని దింపాడు. బండ మీద మట్టి, మట్టి మీద మిషన్, మిషన్ మీద నేను. మూతకు కిరాయి కట్టించుకున్న మొనగాడు!

"ఫికర్ చెయ్యకు" అంటూ నాతోపాటే వచ్చాడు. పేడమట్టి కలిపి బండ మీద తానే అలికాడు. నా భార్య నెత్తి కొట్టుకుంది. "పటేలా, గా మూలనే తడిగుంటే కండ్లున్నోనికి తెల్వదా? ఇల్లంతా అలుకుదాం."

"టైమేడున్నది బిడ్డా, ఆరుతది."

ఆరలేదు. గుమ్మంలో బూట్లు వినబడ్డాయి. ముగ్గురు జవాన్లు, ఒక అఫ్సరు. అఫ్సరు మిషన్ని చూడలేదు, తడిని చూశాడు. గడ్డపారతో బండ లేపించాడు. పులిసిన గడ్డి వాసన గుప్పుమంది. లోపల చీకటి.

"ఇది ఎవరిది?" అని హిందీలో అడిగాడు.

పటేలు గోడకేసి చూశాడు.

"నేను కిరాయిదారుని సాబ్" అన్నాను.

"అయితే నువ్వే దిగు. ఏముంటే అది పైకి తియ్యి."

నా భార్య నా అంగీ పట్టుకుంది. జవాను ఆమెను పక్కకు జరిపాడు. నేను అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేశాను. నవ్వు రావడం లేదు, అయినా నోరు ఊరుకోదు.

"పటేలా, లోపల తేళ్లు గిట్ల ఉన్నయా? ఇంటి సంగతులన్నీ చెప్పెటోనివి గద."

నేను చేతుల మీద బరువు మోపి నడుము దాకా జారాను.

"దిగకురా!" పటేలు అరిచాడు. "పాణం పోతది! వానలకు ముందు మూసిన పాతర. లోపలి గాలి విషమైతది. గది నాది, జొన్నలు నావి. వాన్ని దిగనీయకుండ్రి!"

అఫ్సరుకు తెలుగు రాదు. సగం గోతిలో వేలాడుతూ, నన్ను దింపవద్దన్న మాటను నేనే ఉర్దూలో చెప్పాను. నేనే అల్లి చెబుతున్నానని ఆయన అనుమానం. పటేలు పరుగెత్తి మా కందీలు వెలిగించి, చేదతాడు కట్టి గోతిలోకి వదిలాడు. పాతర గోడకు కట్టిన గడ్డి అంచు దాటిందో లేదో, మంట ముడుచుకుని ఆరిపోయింది. మళ్లీ వెలిగించి వదిలితే మళ్లీ ఆరింది. అఫ్సరు రెండడుగులు వెనక్కి వేశాడు. జవానే నా రెక్క పట్టి బయటికి లాగాడు.  నా భార్య నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, పటేలును చూస్తూ నిలబడింది.

పాతరను గాలికి వదిలి, పటేలును కాపలా మధ్య కూర్చోబెట్టారు. ఎండ దిగాక కందీలు అడుగు దాకా వెలిగింది. అప్పుడు ఆయన్నే దింపారు. తుపాకులు లేవని తేలింది. జొన్నలు మాత్రం క్యాంపుకేనన్నారు. ఆయన గంప నింపుతుంటే పైనుంచి నేను గుంజాను.

"మెల్లగ గుంజురా, గింజలు రాలుతున్నయ్" అన్నాడు లోపలి నుంచి. అన్నీ పోతున్నా రాలేవాటి మీదే ఆయన బెంగ.

నా భార్య గోతి మీదికి వంగింది. "పటేలా, మాకు చెప్పంది ఇంకేమన్న ఉన్నదా గీ ఇంట్ల?"

కింద గింజలు తోడే చప్పుడు ఆగింది. గొంతు సన్నగా వచ్చింది. "వంటింట్ల... పొయ్యి కింద ఇంకోటి."

అఫ్సరు నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు?"

"గంప నిండిందంటున్నాడు సాబ్" అన్నాను.

అప్పటికే నా భార్య చాపలు చుడుతోంది. చీకటి పడేలోపు మేమూ మా మిషనూ ఆ ఇల్లు వదిలి బజారులో ఉన్నాం.