వాల్వు తిప్పితే పోయే పొగ

మా కెమిస్ట్రీ మేడం మొన్న మంగళవారం పోయారు. చాలా రోజులుగా ఊపిరి అందక అవస్థపడ్డారు. "ఆవిడ రాత అంతే" అని ఓదార్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతోంది. రాత కాదండీ, పొగ.

డెబ్బైల్లో నందిగామ కాలేజీలో ఆవిడ దగ్గర చదువుకున్నాను. పాఠాలయ్యాక ఇద్దరం ఒకే బస్సులో జగ్గయ్యపేట వచ్చేవాళ్లం. ఇళ్లు ఒకే వీధిలో, యాసిడ్ ఫ్యాక్టరీకి గాలివాటున. గొట్టంలోంచి వచ్చే ఆ ఎర్రటి పొగ నైట్రోజన్ ఆక్సైడ్లని, వీధిలో దగ్గులకు అదే మూలమని మాకు చెప్పింది ఆవిడే.

ఒకసారి అట్లు పోస్తూ దానికి విరుగుడు చెప్పారు. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతా రుద్దారు.

"చూశావా అమ్మాయ్, చుక్క నూనె ఎంత మేర పరుచుకుందో! ప్లాటినం కూడా ఇంతే. ముద్దగా పెడితే దండగ. సన్న రంధ్రాలున్న అల్యూమినా గుళికలకి పల్చగా పట్టించాలి. పొగలో కాస్త అమ్మోనియా కలిపి, వేడిగా వాటి మీదుగా పంపితే ఉత్త నైట్రోజనూ, నీటావిరీ మిగులుతాయి."

ఏళ్ల తరబడి తిరిగి ఆ గుళికలు ఫ్యాక్టరీలో పెట్టించారు. కొన్నాళ్లు పొగకు రంగు పోయింది, మళ్లీ వచ్చింది. ఏమైందో అడగడానికి ఆవిడ వెంట నేనూ ఫ్యాక్టరీకి వెళ్లాను.

"కెటలిస్టు, అదే ఆ ప్లాటినం, ఖర్చయిపోదని మీరే చెప్పారు గదండీ," అన్నాడు మేనేజరు నవ్వుతూ. "ఇంక అమ్మోనియా ఎందుకని దాని వాల్వు కట్టేశాం."

"పెనం పెట్టి, పిండి పొయ్యకుండా అట్లు రమ్మంటే వస్తాయా అండీ?" మేడం అరిచారు. క్లాసులో ఏనాడూ గొంతు పెంచని మనిషి!

"చూద్దాం లెండి" అన్నాడాయన. ఆ చూడడం ఆవిడ పోయేదాకా సాగింది. ఎండాకాలంలో కూడా కిటికీలు బిడాయించుకుని పేపర్లు దిద్దేవారు, పాపం.

సంతాపసభకు విజయవాడ నుంచి పెద్ద అధికారులొచ్చారు. మేనేజరు అందరికంటే పెద్ద దండ తెచ్చాడు. మైకు పట్టుకుని, ఆవిడ తమకు దారి చూపిన దేవత అన్నాడు. నేను గొట్టం వైపు చూశాను. పొగకు రంగే లేదు. అధికారులొస్తున్నారని వాల్వు తిప్పారన్నమాట! తిప్పితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. అది నేను క్షమించలేను.

మర్నాడు పొద్దున, మేడం వాళ్ల డాబా మీద ఆరేసిన ఆవిడ చీరలు తియ్యడానికి వెళ్లాను. ఎర్రటి పొగ చీరల మీదుగా వీధిలోకి దిగుతోంది. కింద బడిపిల్లలు చొక్కా కాలర్లు ముక్కుల మీదికి లాక్కుని నడిచి వెళ్తున్నారు.